శబరి గట్టు మీద చిన్న సినిమా

చిన్న సినిమా, నీకు దండం.

నీకు పోస్టరు లేదు, టికెట్టు లేదు, విశ్రాంతి కార్డు వేసుకునేంత నిడివీ లేదు. నాలుగు మాటలు చెప్పి, నలుగురి ముఖాలు చూపించి వెళ్లిపోతావు. అయినా నీ కోసం చింతూరులో కోడి కూయకముందే లేచే పిల్లలున్నారు. రాత్రి మిగిలిన అన్నం డబ్బాలో పెట్టుకుని, తెర పగిలిన ఫోను ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని, వాగు దాటి, మోకాళ్ల దాకా తడిసిన ప్యాంట్లతోనే మొదటి షాటు పెట్టేవాళ్లున్నారు. వాళ్లలో ఒకణ్ని కనక నీతో మాట్లాడే చనువు తీసుకుంటున్నా.

ముందు నీ నేల గురించి చెప్పుకోవాలి. కోరాపుట్ కొండల్లో పుట్టి, ఒడిశాలో కొలాబ్ అనిపించుకున్న నది మా దాకా వచ్చేసరికి శబరి అవుతుంది. ఎగువన మోటు, కుంటల దగ్గర సీలేరు వచ్చి ఆమెలో కలుస్తుంది. ఆ కలిసే చోట నాటు పడవలో నిలబడి ఫోను మెల్లగా చుట్టూ తిప్పితే ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశా ఒకే షాటులోకి వస్తాయి. ఎక్కడ ఒకటి ముగిసి ఇంకొకటి మొదలైందో చూపించే గీత ఏ ఫ్రేములోనూ పడదు. అక్కణ్నుంచి శబరి మా ఊరి పక్కగా జారి, కూనవరంలో గోదావరిని చేరుతుంది. భద్రాచలం నుంచి జగదల్‌పూర్ పోయే 30వ నంబరు జాతీయ రహదారి మా మీదుగానే పోతుంది. మారేడుమిల్లి ఘాటు దిగిన రోడ్డూ మా దగ్గరికే వస్తుంది. మా జిల్లా పేరు మాత్రం ఒకచోట నిలవలేదు. 2014 దాకా ఖమ్మం, ఆ తర్వాత తూర్పు గోదావరి, 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు అయింది. అందుకే నీ చివర పేర్లు వేసేటప్పుడు జిల్లా జోలికి పోకుండా "చింతూరు, శబరి ఒడ్డు" అని రాసుకున్నాం.

నిన్ను తీసే జట్టులో ఒకడు కోయ, ఒకడు కొండరెడ్డి. ఒకడి నాన్న హైవే పక్కన లారీ టైర్లకు పంచర్లు వేస్తాడు. ఒకమ్మాయి వాళ్లమ్మానాన్నలు ఛత్తీస్‌గఢ్ అడవుల్లోంచి బతుకు వెతుక్కుంటూ నది దాటి వచ్చి, ఇక్కడ పాక వేసుకున్నారు. "యాక్షన్" అన్న ఒక్క మాట తప్ప మా జట్టులో అందరికీ ఒకేలా నోరు తిరిగే మాట ఇంకోటి లేదు. షాటు బాగా వస్తే నాలుగు భాషల్లో కేకలు లేచేవి. కాలేజీలో పక్కపక్క బెంచీల మీద కూర్చుని ఒకరి ఇల్లు ఒకరు ఎరగని మమ్మల్ని ఒకరి గడపలోకి ఒకరిని నడిపించింది నువ్వే. సీను కోసం వెళ్లి అంబలి తాగి వచ్చిన ఇళ్లు, లొకేషను చూద్దామని వెళ్లి పెళ్లి పనుల్లో చెయ్యి వేసి వచ్చిన ఇళ్లు, అన్నీ నీ పుణ్యమే.

నీ సామగ్రికి దండం. మూడు వెదురు బొంగులు, వాటిని కట్టిన సైకిల్ ట్యూబు ముక్క, అది మా ట్రైపాడు. తెల్లని థర్మోకోల్ అట్ట ఎండను తిప్పి ముఖం మీద వేస్తుంది. కదిలే షాటు కావాలంటే నాటు పడవ ఉంది. ఎడ్లబండి ఎక్కితే బొమ్మ వణుకుతుంది, మోటారుబండి మీద వెనక కూర్చుని తీస్తే గోతులన్నీ తెర మీద కనిపిస్తాయి. పడవ మాత్రం నీళ్ల మీద పట్టులా పోతుంది. గెడ వేసే తాతకు ఒక్కటే చెప్పాలి: "తాతా, తొందర లేదు." ఆయన ఎన్నడూ తొందరపడ్డ మనిషి కాదు. అందుకే మా సినిమాల్లోకెల్లా నిదానమైన, నిండైన షాట్లు ఆయన చేతివే.

ఇక శబ్దం. దీని గురించి కాస్త నిలబడి చెప్పాలి నాకు. ఫోను దూరాన ఉంటే మాట వినపడదు. అందుకని ఇంకో ఫోను తువ్వాల్లో చుట్టి, నటించేవాడి చొక్కా జేబులో పెట్టి, రికార్డింగు నొక్కి వదిలేస్తాం. షాటు మొదట్లో ఒకడు గట్టిగా చప్పట కొడతాడు. బొమ్మలో రెండు చేతులు కలిసిన చోటు, శబ్దంలో గీత నిక్కిన చోటు ఎడిటింగులో ఒకదాని కిందికి ఇంకొకటి తెస్తే మాట పెదవి మీద కూర్చుంటుంది. అంతా అయ్యాక, మాటల మధ్య అతుకులు తెలియకుండా ఉండటానికి, ఆ చోటి వట్టి నిశ్శబ్దాన్ని కొంచెం పట్టుకోవాలి. అప్పుడు అందరం ఉన్నచోటే ఆగిపోతాం. దగ్గడు ఎవడూ, కాలు కదపడు. ఆ కాసేపట్లో మా ఊరు మాకు వినపడింది. శబరి రాళ్ల మీద పోయే చప్పుడు రెండు రకాలు, లోతు దగ్గర ఒకటి, రేవు దగ్గర ఒకటి. దూరాన హైవే మీద లారీ గేరు మార్చుకుని మలుపు ఎక్కుతుంది. ఎవరి పెరట్లోనో రోకటి పోటు. కీచురాళ్లు ఉన్నట్టుండి ఆగి, మళ్లీ అన్నీ ఒక్కసారే ఎత్తుకుంటాయి. పుట్టి పెరిగిన చోట ఇన్నేళ్లూ ఈ చెవులు ఏం విన్నాయని అడిగావు నువ్వు. నోరు మూసుకుని వినడం నేర్పిన గురువువి నువ్వు.

నీ వెలుతురుకు దండం. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాత్రంతా రాలుతుంది. తెలతెలవారుతుండగా ఆడవాళ్లు బుట్టలతో చెట్ల కిందికి చేరతారు. ఆ వేళకు ఆకాశంలో ఉండే వెలుతురు కంటికి చాలుతుంది గానీ ఫోనుకు చాలదు. బొమ్మంతా ఇసక చల్లినట్టు వస్తుంది. పోనీ పొద్దెక్కాక తీద్దామంటే అప్పటికి పువ్వు ఏరడం అయిపోతుంది. ఆ రెంటి మధ్య ఉన్న కొద్ది నిమిషాలే నీవి. మొదటి ఎండ చెట్ల మొదళ్ల మీదుగా వాలి, నేల మీది పువ్వులను ఒక్కొక్కటిగా వెలిగించే నిమిషాలు. అడవి నీడలోంచి మనిషి బయట ఎండలోకి నడిస్తే ఫోను తనంతట తాను బెదిరి, నీడను నల్లగానో ఎండను తెల్లగానో మార్చేస్తుంది. తెర మీద వేలు నొక్కిపట్టి ఆ చూపును కట్టెయ్యాలి. నీడలో ముఖం మసకగా ఉన్నా సరే, నడిచి ఎండలోకి రాగానే ఆ ముఖం విచ్చుకోవాలి. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు. ఆ ఇరవై నాలుగింటిలో ఎక్కడో ఒకదాంట్లో ఆ మనిషి నిజంగా మనకేసి చూస్తుంది.

ఆ చెట్టు కిందే మాకు మా పెద్ద నటి దొరికింది. మా వాడి నాయనమ్మ. మేం రాసుకున్న కాగితం ప్రకారం అవ్వ పువ్వు ఏరుతుండాలి, మనవడు పిలవగానే వెనక్కి తిరిగి ఒక మాట అనాలి. మొదటిసారి బానే వచ్చింది, కానీ వెనక కుక్క అడ్డం వచ్చింది. "అవ్వా, ఇంకోసారి, ఆ పువ్వులు మళ్లీ కింద పోసి ఏరవా" అన్నాం. అవ్వ బుట్టను చంకలోకి లాక్కుంది. "ఏరిన పువ్వు మళ్లీ నేల మీద పోస్తారేంద్రా? అది తిండి" అంది. దాని మీద ఇంక బేరం లేదు. ఆ పొద్దున్నే మా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాం. అవ్వ ఎటు పోతే అటు నడిచాం, వంగితే వంగాం, కూర్చుంటే కూర్చున్నాం. ఆమె చెయ్యి పువ్వు మీదికి ఎలా పోతుందో, మట్టి అంటిన దాన్ని ఊది ఎలా బుట్టలో వేస్తుందో, నడుము మీద చెయ్యి ఆన్చి చెట్టు పైకి ఎలా చూస్తుందో, ఇవేవీ మా కాగితంలో లేనివి. అన్నీ సినిమాలోకి వచ్చాయి. రెండో టేకు అడగకూడని పనులు లోకంలో ఉన్నాయని, వాటి ముందు కెమెరా పట్టినవాడే తన కాళ్లు చక్కబెట్టుకోవాలని ఆ పొద్దున నేర్పావు.

అవ్వ మాటలు కూడా అంతే. మేం రాసిన డైలాగు తెలుగులో ఉంది, అదీ మేం చూసి పెరిగిన సినిమాల తెలుగు. ఆమె నోట అది అరువు చీరలా ఉంది. "నీకెలా వస్తే అలా చెప్పు అవ్వా" అన్నాక కోయలో చెప్పింది. గోండికి దగ్గరి చుట్టమైన ఆ భాష బడిలో మా పలక మీదికి ఎక్కలేదు, థియేటర్లో వినపడలేదు. నీలో మాత్రం మొదటి వరసలో కూర్చుంది. తెలుగు అక్షరాలు తెర అడుగున చిన్నగా నడిచాయి. ఆ అమరిక చూసినప్పుడు మా కోయ మిత్రుడు ఏం మాట్లాడలేదు గానీ, ఆ రోజు నుంచి వాడు రాసే కథల్లో మనుషులు ఇంటి భాషలోనే తిట్టుకుంటున్నారు, ఇంటి భాషలోనే ఓదార్చుకుంటున్నారు.

ఈ కొండలకు కెమెరా కొత్త కాదు. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమండార్ఫ్ నిజాం కాలంలో గోదావరి వెంట కొండరెడ్ల ఊళ్లు తిరిగి, ఫొటోలు తీసి, 1945లో పుస్తకం అచ్చేయించాడు. బాపు "అందాల రాముడు" 1973లో రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా గోదావరి పడవ ప్రయాణాన్ని తెలుగువాళ్ల కళ్లలో నిలిపింది. ఆ మరుసటేడు వచ్చిన "అల్లూరి సీతారామరాజు" కోసం చింతపల్లి అడవుల్లో కెమెరాలు దిగాయి. 2021 నాటి "పుష్ప"కు మారేడుమిల్లి చెట్లు వేరే అడవిగా నటించాయి. ఆ సినిమాలంటే మాకు ప్రేమే, వాటిని చూసే నీ మీద మోజు పుట్టింది. కాకపోతే ఆ బొమ్మల్లో మా కొండ ఎప్పుడూ వెనక నిలబడి ఉంటుంది. ముందు ఎవరో నడుస్తుంటారు, పరిగెత్తుతుంటారు, తుపాకులు కాలుస్తుంటారు. మేం మాత్రం తుపాకీ ఉన్న కథ తియ్యం. బొమ్మ తుపాకీ పట్టుకుని ఈ అడవిలో తిరగడం ఆట కాదు, ఆ సంగతి ఇక్కడి తల్లులందరికీ తెలుసు. అయినా తుపాకీ లేకుండా ఎన్ని కథలున్నాయి! జీలుగు చెట్టు ఎక్కే మామకు మోకాళ్ల నొప్పి వస్తే ఆ చెట్టు ఎవరికి చెందుతుందన్నది ఒక కథ. గురుకులం నుంచి సెలవులకొచ్చిన చెల్లి ఇంట్లో కోయ మాట వెతుక్కుంటూ తడబడటం ఒక కథ. అడ్డాకులు కుట్టే పిల్ల విస్తరి వెనక చీటీ రాసి సంతకు పంపడం ఇంకో కథ. నువ్వు చిన్నదానివి కనక ఈ కథలు నీలో ఇరుక్కోకుండా పడతాయి.

రేల ఆట తీసిన రోజు నీ వ్యాకరణ సూత్రం ఒకటి మా చేతుల్లో ఊడిపోయింది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే వాళ్ల మధ్య ఒక ఊహా గీత ఉంటుందని, కెమెరా ఆ గీత దాటకూడదని మేం యూట్యూబు పాఠాల్లో నేర్చుకున్నాం. దాటితే ఎటు చూసేవాళ్లు ఎటు చూస్తున్నారో తెలియదట. ఆడవాళ్లు చేతులు పెనవేసుకుని వలయంగా కదులుతుంటే ఆ గీత ఎక్కడ గీస్తాం? బయట నిలబడితే అన్నీ వీపులే. చివరికి మా జట్టులో అమ్మాయే దారి చూపింది. ఫోను వలయం నడుమ నేల మీద, పైకి చూసేలా పడుకోబెట్టి, తాను వెళ్లి ఆటలో కలిసింది. ఆకాశం చుట్టూ ముఖాలు తిరిగాయి. పక్కనే అడవిదున్న కొమ్ముల తలపాగాలతో మగవాళ్లు పెద్ద డోళ్లు మోగిస్తున్నారు. నేల అదిరినప్పుడల్లా బొమ్మ అదిరింది. ఆ అదురును మేం ఎడిటింగులో సరిచెయ్యలేదు. డోలు దెబ్బ కంటికి కూడా కనిపించిందంటే దాన్ని ఎవరు చెరుపుకుంటారు?

నీతో ఓపిక అనే చదువు కూడా వచ్చింది. ఎండాకాలంలో రేల చెట్టు ఆకు రాల్చి పసుపు గుత్తులు దించుతుంది. వాటి కింద సగం సీను తీశాం. ఆ సాయంత్రం గాలివాన. తెల్లారి వెళ్లేసరికి చెట్టు బోడిగా, నేల పచ్చగా ఉంది. మిగతా సగం కోసం మళ్లీ వేసవి దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది మాకు ధైర్యం చెప్పింది సత్యజిత్ రాయ్. "పథేర్ పాంచాలి" కోసం 1952లో ఆయన రెల్లుపూల పొలంలో మొదటి రోజు షూటింగు చేసి, తర్వాతి వారం వెళ్తే పశువులు పూలన్నీ మేసేశాయి. మళ్లీ పూసేదాకా ఆయనా ఏడాది ఆగాడు. ఆ జట్టు కూడా కొత్తవాళ్లదే. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రా అంతకుముందు సినిమా కెమెరా పట్టి ఎరగడు. ఎక్కడో బెంగాలు పల్లెలో గొడ్లు మేసిన పూలు, చింతూరులో గాలికి రాలిన పూలు మాకు ఒకే తోట పూలుగా తోచాయి. ఏడాది గడిచేసరికి మా హీరోకు మీసాలొచ్చాయి. కథలో అతను పట్నం పోయి తిరిగొచ్చాడని మార్చి రాసుకున్నాం, ఆ మీసాలు కథకే బలం అయ్యాయి.

నీకు పెట్టుబడి తునికాకు. ఏప్రిల్, మే నెలల్లో ఇంటిల్లిపాదీ అడవికి పోయి ఆకు కోస్తారు. యాభై ఆకులు ఒక కట్ట. ఎండలో కట్టలు పరిచి, లెక్క చెప్పించుకుని తెచ్చుకున్న డబ్బులో మావాళ్లు తలా కొంత నీకు తీసిపెట్టారు. మెమరీ కార్డు ఒకరి ఆకు, పవర్ బ్యాంకు ఒకరి ఆకు, పడవ తాతకు ఇచ్చిన కూలి అందరి ఆకు. కేరళలో దర్శకుడు జాన్ అబ్రహాం, మిత్రులు ఒడెస్సా పేరుతో జట్టు కట్టి, ఊరూరా జనం దగ్గర చందాలు పోగుచేసి 1986లో "అమ్మ అరియాన్" తీశారని విన్నప్పుడు మాకు ఆశ్చర్యం కలగలేదు, చుట్టరికం తెలిసినట్టయింది. ఝార్ఖండ్‌లో ఉరావ్ తెగ బిడ్డ బిజూ టొప్పో, మేఘనాథ్‌తో కలిసి తన నేల కథలను తానే తీసి జాతీయ అవార్డులు తెచ్చాడు. 2018లో "కేరాఫ్ కంచరపాలెం" ఆ పేట మనుషుల్నే తెర మీద నడిపించింది. నీ వంశం పెద్దది. మేం నీ అడవి కొమ్మ.

నువ్వు లేకపోతే మేం తియ్యలేకపోయేది ఒకటుంది, అది చెప్పకుండా ఈ దండం పూర్తవదు. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచింది. 1986లో 75.6 అడుగులు వచ్చిందని పెద్దవాళ్లు చెప్పే వరద తర్వాత అంతటిది మా తరం చూసింది ఇదే. గోదావరి నిండితే శబరికి పోయే దారుండదు, వెనక్కి ఎగదన్నుతుంది. ఆ ఎగపోటే మా వీధుల్లోకి వస్తుంది. నీళ్లు తీశాక ఇంటింటి గోడ మీద ఒక బురద గీత మిగిలింది. మేం ఆ గీతలను తీశాం. నటులు లేరు, మాటలు లేవు. ఒక్కో ఇంటి గోడ, ఆ గీత పక్కన ఆ ఇంటి మనుషులు వచ్చి నిలబడటం. కొందరికి గీత భుజం దగ్గర, పిల్లలకు తల మీదుగా. ఒక ఇంట్లో గీత పక్కన నిలబడటానికి గోడే లేదు, తల్లి చెయ్యెత్తి గాలిలో చూపించింది. ఇక దిగువన పోలవరం ఆనకట్ట నిండు మట్టం 45.72 మీటర్లు. ఆ అంకె మా చుట్టూ ఉన్న ఎన్నో ఊళ్ల మీదుగా పోతుంది. ముంపు సర్వే రాళ్లు చూసిన కళ్లకు నీ విలువ వేరుగా తెలుస్తుంది. ఆ రేవు, ఆ చింతచెట్టు, అరుగు మీద కూర్చున్న ముసలాళ్లు రేపు ఎక్కడుంటారో ఎవరి చేతిలోనూ లేదు. నీలో మాత్రం పొద్దున ఎండ వాళ్ల మోకాళ్ల మీద పడుతూనే ఉంటుంది. ఇంత బరువు మోసే శక్తి నీకు ఎక్కణ్నుంచి వచ్చిందో!

ఎడిటింగు రాత్రుళ్లు. ఫోనులోనే కైన్‌మాస్టర్. దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం మా మండలంలోనే, పొల్లూరు దగ్గర కరెంటు తీస్తుంది. గాలివాన కొడితే మా వీధి దీపం మాత్రం ఆరిపోతుంది. అప్పుడు ఉన్న చార్జింగు లెక్కపెట్టుకుంటూ ఏ షాటు ఉంచాలో, ఏది కొయ్యాలో తేల్చాలి. డబ్బింగు దుప్పటి కింద, ముగ్గురం చెమటలు కక్కుతూ, ఒకడు ఫోను పట్టుకుని, ఒకడు మాట చెబుతూ, ఒకడు నవ్వాపుకుంటూ. స్నేహితుడు నటించిన షాటు కొయ్యడం కష్టం. వాడి ముందే కొయ్యడం ఇంకా కష్టం. అయినా "కొయ్యరా, కథకు అడ్డం" అని వాడే అన్న రాత్రి ఉంది. ఆ మాటకు సాటి వచ్చే స్నేహం నేను ఎక్కడా చూడలేదు.

ఆపైన నీ పండగ. రెండు వెదురు గడల మధ్య తెల్ల పంచె కట్టి, బడి పంతులు గారి ప్రొజెక్టరు అడిగి తెచ్చి, పొద్దుగూకాక నిన్ను వేశాం. చాపలు పరిచారు. పంచె ఇటువైపు చోటు చాలక అటువైపు కూర్చున్నవాళ్లకు నువ్వు తిరగబడి కనిపించావు, వాళ్లు లేవలేదు. పడవ తాత తెర మీద తన చేతులు చూసుకుని, ఒళ్లో ఉన్న చేతులు ఒకసారి చూసుకున్నాడు. పిల్లలు ప్రతి చెట్టుకూ పేరు పెట్టి అరిచారు. ఇప్పచెట్టు కింది షాటు రాగానే గోలంతా ఆగి, అవ్వ కోయ మాట ఒక్కటే వినపడింది, దానికి చాపల మీంచి ఎవరో జవాబు కూడా చెప్పేశారు, ఎదురుగా ఉన్న మనిషికి చెప్పినట్టే.

అయిపోయాక అందరూ మెచ్చుకుంటుంటే అవ్వ మాత్రం మమ్మల్ని దగ్గరికి పిలిచింది. షూటింగు నాడు పువ్వు ఏరుతూ ఆమె ఒక పాట ఎత్తుకుంది, మేం నిడివి చూసుకుని రెండు చరణాల దగ్గర ఆపేశాం. "పాట మధ్యలో ఎందుకు కోశారు? అసలు సంగతి చివర్లో గదా ఉంది" అంది. ఆ చివర ఏముందో మాలో ఎవరికీ తెలియదు, ఆమె మనవడికి కూడా. అక్కడే చాప మీద కూర్చోబెట్టి మొత్తం పాడింది. మా అమ్మాయి నోట్‌బుక్కులో రాసుకుంది, పడవ తాత రెండు చోట్ల సరిదిద్దాడు. ఆ ఇద్దరికీ ఒక చరణం దగ్గర మాట కలవలేదు, వాదన పెరిగింది, పక్కింటి ముసలామె వచ్చి మూడో పాఠం చెప్పింది. తునికాకు పని అయిపోగానే ఆ పాటే మా తర్వాతి సినిమా. మూడు పాఠాలూ ఉంటాయి. నిడివి ఎంతైనా కానీ.